ఇట్ అంటే ఎవరు? ఇంగ్లీషు వ్యాకరణంపై పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు వ్యాకరణంలోని పేర్ల గురించే ఉన్నాయి. నిర్వచనాలన్నీ కంఠతా వచ్చుననీ, తీరా వాక్యం ఎదురైనప్పుడు ఏ పేరు దేనికి తగిలించాలో తోచడం లేదనీ దాదాపు అందరూ ఒకే గోడు వెళ్ళబోసుకున్నారు. వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే రాశాను కనుక వాటిని ఒకసారి పైకి చదువుకుంటే విషయం సులువుగా పట్టుబడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. "ద లెటర్ వాజ్ రిటెన్ బై సీత" అనే వాక్యంలో సబ్జెక్టు ఏదని పరీక్షలో అడిగితే "సీత" అని రాసింది. సబ్జెక్టు అంటే కర్త అనీ, పని చేసేది కర్త అనీ ఇంట్లో చెప్పింది నేనే. టీచరు తప్పు కొట్టి "లెటర్" అని దిద్దారు. ఉత్తరం తనంతట తాను ఏ పనీ చేయదు కదా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: తప్పు మీ అమ్మాయిది కాదు, మీది అంతకన్నా కాదు. సబ్జెక్టు అనే మాటకు కర్త అని ఒక్క ముక్కలో అర్థం చెప్పి తరగతి దాటించేసిన మా పంతుళ్ళదే ఆ తప్పు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను.

కర్త అనే మాట మనకు సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చింది. పాణిని "స్వతంత్రః కర్తా" అన్నాడు. అంటే, ఒక పనిలో పాల్గొనే వారందరిలో ఎవరు తమంతట తాముగా ఆ పనిని నడిపిస్తారో వారు కర్త. ఇది పనికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని చెప్పే పేరు. అందుకే వాక్యాన్ని ఎటు తిప్పినా కర్త మారడు. "రాముడు రావణుని చంపెను" అన్నా, "రావణుడు రామునిచేత చంపబడెను" అన్నా కర్త రాముడే. రెండో వాక్యంలో ఆయన ప్రథమా విభక్తిని విడిచి "చేత" అనే తృతీయా విభక్తిలోకి జరిగాడు, అంతే తేడా.

ఇంగ్లీషువారి సబ్జెక్టు ఇలాంటిది కాదు. అది వాక్యంలో ఒక కుర్చీ. ఆ కుర్చీలో పని చేసినవాడు కూర్చోవచ్చు, పని జరిపించుకున్న వస్తువు కూర్చోవచ్చు, ఏ పనితోనూ సంబంధం లేనివాడు కూడా కూర్చోవచ్చు. కుర్చీ ఎక్కడుందో కనిపెట్టడానికి "ఎవరు చేశారు?" అని అడగకూడదు, "క్రియ ఎవరి మాట వింటోంది?" అని అడగాలి. మీ అమ్మాయి రాసిన వాక్యంలో లెటర్ ఒకటి కాకుండా పది అనుకోండి. "ద లెటర్స్ వర్ రిటెన్ బై సీత" అవుతుంది. "వాజ్" కాస్తా "వర్" అయింది. ఇప్పుడు ఉత్తరాన్ని ఒకటిగానే ఉంచి సీతకు గీతను తోడుగా చేర్చండి. "ద లెటర్ వాజ్ రిటెన్ బై సీత అండ్ గీత" అంటాము. రాసినవారు ఇద్దరైనా క్రియ ఉలకలేదు, పలకలేదు. కాబట్టి అది వింటున్నది ఉత్తరం మాటే, సబ్జెక్టు ఉత్తరమే. ఇంకా సందేహముంటే సీత పేరు తీసేసి సర్వనామం పెట్టి చూడండి. "బై హర్" అంటాము గాని "బై షి" అనము. "హి, షి, దే" అనే రూపాలు కుర్చీలో ఉన్నవారికి, "హిమ్, హర్, దెమ్" అనే రూపాలు కుర్చీ బయట ఉన్నవారికి. పూర్వకాలపు ఇంగ్లీషులో నామవాచకాలకు కూడా మన విభక్తుల వంటి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి అరిగిపోగా సర్వనామాల దగ్గర మాత్రం ఈ కాస్త జాడ మిగిలింది.

తెలుగులో మాత్రం ఆ ప్రత్యయాలు చెక్కుచెదరలేదు గనుక మనకు పదాల క్రమం మీద అంత పట్టింపు లేదు. "పిల్లి ఎలుకను పట్టింది" అన్నా "ఎలుకను పిల్లి పట్టింది" అన్నా చచ్చేది ఎలుకే. ఇంగ్లీషులో "ద క్యాట్ కాట్ ద మౌస్" అనే వాక్యంలో రెండు పేర్లనూ తారుమారు చేస్తే పిల్లికి గండం వస్తుంది. ప్రత్యయం చేయవలసిన పనిని అక్కడ స్థానం చేస్తుంది.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు తన కుటుంబం గురించి రాస్తూ నోటుపుస్తకంలో "టు మి టూ బ్రదర్స్ ఆర్ దేర్" అని రాశాడు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. ఆనాడు నాకు తట్టలేదు గాని, "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అనే వాక్యంలోని ప్రతి ముక్కకూ అతడు సరిగ్గా ఒక ఇంగ్లీషు ముక్కను పేర్చాడు. తెలుగులో "ఉన్నారు" అనే క్రియ అన్నల మాట వింటుంది, "నాకు" అనేది పక్కన నిలబడుతుంది. ఇంగ్లీషులో అనుభవించే మనిషినే తెచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. "ఐ హావ్ టూ బ్రదర్స్" అనేది అలా పుట్టింది. నాకు ఆకలి వేస్తోంది, నాకు కోపం వచ్చింది, నాకు తెలుసు, నాకు జ్వరంగా ఉంది అని మనం రోజూ అనే వాక్యాలన్నింటిలోనూ "నాకు" కాస్తా అక్కడ "ఐ" అవుతుంది. మీ అమ్మాయి చేత ఇటువంటి వాక్యాలు ఓ పదిహేను రాయించండి.

కర్త అనే మాటే మీకు అలవాటైతే దాన్ని మానేయనక్కరలేదు గాని, సబ్జెక్టుకు ఉద్దేశ్యం అనీ, దాన్ని గురించి చెప్పే మిగతా భాగానికి విధేయం అనీ మనకు ఎప్పటినుంచో మాటలున్నాయి. ప్రెడికేట్ అంటే విధేయమే. ఇవే కొంత దగ్గరగా ఉంటాయి.

ప్రశ్న: ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. ఫ్రేజ్, క్లాజ్ తేడా నిర్వచనంగా చెప్పగలను గాని వాక్యంలో గుర్తు పట్టలేను. సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ వాక్యాలను తెలుగులోని సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలతో పోల్చుకుని చదువుతుంటే మార్కులు పోతున్నాయి. పోల్చుకోవడం తప్పా?
— ఒక డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: పోల్చుకోవడం మంచిదే. రెండూ ఒకటేనని అనుకోవడంతోనే వస్తుంది చిక్కంతా.

ముందు సమాపక క్రియను గుర్తు పట్టడం అలవాటు చేసుకోండి. "వెళ్ళాను" అంటే మాట ముగిసింది. "వెళ్ళి" అంటే ఎదుటివారు "ఆ, వెళ్ళి?" అని ఎదురుచూస్తారు. మొదటిది సమాపకం, రెండోది అసమాపకం. ఇంగ్లీషులో ఈ ముగింపు లక్షణం ఉన్న క్రియను ఫైనైట్ వెర్బ్ అంటారు. "వెంట్, గోజ్, వాజ్ గోయింగ్" ముగిస్తాయి. "గోయింగ్, టు గో, గాన్" అనేవి ఒంటరిగా ముగించలేవు. ఒక సబ్జెక్టూ దానితో ముడిపడిన ఒక సమాపక క్రియా ఉన్న పదాల గుంపు క్లాజ్. ఆ జంట లేనిది ఫ్రేజ్. "ఆఫ్టర్ ద రెయిన్" ఫ్రేజ్, "ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్" క్లాజ్. పై తరగతుల పుస్తకాలలో అసమాపక క్రియ ఉన్నదానిని కూడా క్లాజ్ అనే వారున్నారు గాని, మీరు రాసే పరీక్షలకు బడిలో చెప్పే ఈ నిర్వచనమే చాలు.

ఇప్పుడు మీ మార్కులు పోయిన చోటికి వద్దాము. "నేను ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను" అనే వాక్యం తెలుగులో సంక్లిష్టం. ఎందుకంటే ఒక అసమాపక క్రియ, చివర ఒక సమాపక క్రియ ఉన్నాయి. దీన్ని ఇంగ్లీషులోకి మూడు విధాల తేవచ్చు. "హావింగ్ గాన్ హోమ్, ఐ ఏట్" అంటే సమాపక క్రియ ఒక్కటే కాబట్టి అది సింపుల్ వాక్యం. "ఐ వెంట్ హోమ్ అండ్ ఐ ఏట్" అంటే సమాన హోదా గల రెండు క్లాజులను "అండ్" కలిపింది కాబట్టి కాంపౌండ్. "ఆఫ్టర్ ఐ వెంట్ హోమ్, ఐ ఏట్" అంటే ఒక క్లాజు మరొకదాని మీద ఆధారపడింది కాబట్టి కాంప్లెక్స్. చెప్పిన సంగతి ఒకటే, తిన్న అన్నం ఒకటే, పేర్లు మాత్రం మూడు. ఈ పేర్లు అర్థానికి పెట్టినవి కావు, వాక్యం కట్టిన తీరుకు పెట్టినవి.

సంయుక్తం దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. "రవి, శేఖర్ ఊరికి వెళ్ళారు" అనే వాక్యాన్ని, రెండు సమాన వాక్యాలు కలిసినందువల్ల, మన తెలుగు పాఠ్యపుస్తకాల పద్ధతిలో సంయుక్తం అంటాము. "రవి అండ్ శేఖర్ వెంట్ హోమ్" అనే ఇంగ్లీషు వాక్యం మాత్రం సింపుల్. అక్కడ కలిసింది రెండు పేర్లే, క్రియ ఒకటే. మనుషులను లెక్కపెట్టకండి, సబ్జెక్టు–క్రియ జంటలను లెక్కపెట్టండి.

చివరగా "నిన్న వచ్చిన అబ్బాయి" అనే మాటను ఒకసారి దగ్గరగా చూడండి. "వచ్చిన" అనేది క్రియ నుంచి పుట్టిన విశేషణం. నామవాచకానికి ముందు కూర్చుని, మరే కలిపే మాటా అవసరం లేకుండా పని ముగిస్తుంది. ఇంగ్లీషువారు అబ్బాయిని ముందు చెప్పి, "హూ" అనే మాటతో తలుపు తీసి, లోపల ఒక పూర్తి క్లాజును పెడతారు. "ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే" అంటారు. మనం మూడు మాటలతో తేల్చేదానికి వారు ఒక క్లాజు కడతారు. దీనినే రిలేటివ్ క్లాజ్ అంటారు. తెలుగు వాక్యంలో "వచ్చిన, చూసిన, చెప్పిన, తెచ్చిన" వంటి మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీత గీసుకుని, వాటిని "హూ, విచ్, దట్"లతో విప్పడం సాధన చేస్తే కాంప్లెక్స్ వాక్యాలలో సగం మీ చేతికి వచ్చినట్టే.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. పర్యాటకులతో మాట్లాడడానికి సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. "డిడ్ యు వెంట్ టు ద బీచ్?" అని అడిగితే, వెంట్ కాదు గో అనాలని మా సారు చెప్పారు. జరిగిపోయిన పని గురించి అడుగుతూ గో అనడం ఏమిటి?
— ఒక ఆటో డ్రైవర్, విశాఖపట్నం

జవాబు: మీరు రోజుకు పదిసార్లు సరిగ్గా ఈ సూత్రాన్నే తెలుగులో పాటిస్తున్నారు. "నిన్న బీచికి వెళ్ళాను" అంటారు. వెళ్ళకపోతే ఏమంటారు? "వెళ్ళలేదు" అంటారు. "వెళ్ళానులేదు" అని ఎవరూ అనరు. జరిగిందా లేదా అని చెప్పే బాధ్యత "లేదు" తన నెత్తిన వేసుకోగానే అసలు క్రియ తన తోకను వదిలేసి "వెళ్ళ" అని మిగిలింది. "వచ్చాడు" అనేది "రాలేదు" అయినప్పుడు "వచ్చా" అనే ముక్క మచ్చుకైనా కనపడదు చూడండి.

ఇంగ్లీషులో "డిడ్" చేసేది అదే. ప్రశ్న అడగాలన్నా, కాదని చెప్పాలన్నా "డు" అనే సహాయక క్రియ ముందుకు వస్తుంది. గడిచిన కాలపు గుర్తు దానికి తగిలి "డిడ్" అవుతుంది. ఒక గుర్తు ఒక్కచోటే ఉండాలి గనుక అసలు క్రియ బోసిగా "గో" అని ఉండిపోతుంది. కాబట్టి "డిడ్ యు గో? నో, ఐ డిడ్ నాట్ గో" అంటాము. "డజ్" విషయంలోనూ ఇంతే. "హి గోజ్" అనే మాటలోని చివరి "జ్" అనే ధ్వని "డజ్" లోకి వెళ్ళిపోయి "డజ్ హి గో?" అవుతుంది. ఇకపై "డిడ్" అని నోట రాగానే మనసులో "లేదు" అని ఒకసారి అనుకోండి, వెంట్ దానంతటదే వెనక్కి తగ్గుతుంది.

ప్రశ్న: పన్నెండు టెన్సుల పట్టిక నాకు కంఠతా వచ్చు. అయినా ఆఫీసులో "ఐ యామ్ హావింగ్ ఎ డౌట్", "ఐ హావ్ సెంట్ ద మెయిల్ ఎస్టర్‌డే" అంటుంటే పై అధికారి ఒకరు నవ్వారు. కాలాలు మూడే కదా, ఇన్ని చిక్కులు ఎందుకు?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

జవాబు: నవ్విన అధికారి సంగతి అలా ఉంచండి. ఆ పట్టికను మాత్రం కొద్ది రోజులు కనపడకుండా దాచిపెట్టండి. మూడు కాలాలనూ నాలుగు తీరులతో హెచ్చవేసి పన్నెండు గళ్ళు చేశారు. కాలం వేరు, పని జరుగుతున్న తీరు వేరు అనే ముఖ్యమైన సంగతి ఆ గళ్ళలో కలిసిపోయింది. పని ఎప్పుడు జరిగిందనేది టెన్స్ చెబుతుంది. అది సాగుతోందా, ముగిసిందా, అలవాటుగా జరుగుతుందా అనేది ఆస్పెక్ట్ చెబుతుంది.

ముందుగా మొదటి గడినే చూడండి. సింపుల్ ప్రెజెంట్ అని దానికి పేరు. పేరును బట్టి చూస్తే ఈ క్షణంలో జరిగే పని అనిపిస్తుంది. "ఐ గో టు ఆఫీస్ బై మెట్రో" అనే మనిషి ఆ మాట అనేటప్పుడు తన ఇంట్లో కాఫీ తాగుతూ ఉండవచ్చు. అది అలవాటును చెప్పే రూపం. మన వ్యాకరణంలో తద్ధర్మ కాలం అని నాలుగోది ఒకటి ఉన్నదే, "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అని ఉదాహరణ చెబుతారే, ఇది అచ్చంగా అది. సింపుల్ ప్రెజెంట్ అనే పేరును చెరిపేసి దాని మీద తద్ధర్మం అని రాసుకోండి. కాకపోతే "వెళ్తాను" అనే మన మాట రోజూ వెళ్ళడానికీ రేపు వెళ్ళడానికీ ఒకటే. ఇంగ్లీషులో రోజూ అయితే "ఐ గో", రేపు అయితే "ఐ విల్ గో". తెలుగువారు ఇక్కడ తరచుగా తడబడతారు.

ఇక "హావింగ్" సంగతి. ఇంగ్లీషులో పనిని చెప్పే క్రియలకు "ఇంగ్" తగులుతుంది, స్థితిని చెప్పే వాటికి సాధారణంగా తగలదు. ఏది స్థితో తెలుసుకోవడానికి ఆ మాటను తెలుగులో అనుకుని "తున్నాను" అతుకుతుందేమో చూడండి. తింటున్నాను, రాస్తున్నాను, పంపుతున్నాను అనేవి అతుకుతాయి. నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు సందేహం ఉంది అనే వాటికి అది అతకదు. అందుకే "ఐ నో, ఐ లైక్, ఐ వాంట్, ఐ హావ్ ఎ డౌట్". అదే "హావ్"ను భోజనం చేయడం అనే అర్థంలో వాడితే "ఐ యామ్ హావింగ్ లంచ్" అని నిక్షేపంగా అనవచ్చు. అక్కడ అది పని. ఈ కొలబద్ద అన్ని చోట్లా పని చేయదని కూడా చెప్పాలి. "నమ్ముతున్నాను" అని మనం అంటాము, వారు "ఐ బిలీవ్" అంటారు. "అర్థమవుతోంది" అంటాము, వారు "ఐ అండర్‌స్టాండ్" అంటారు. మనసులో జరిగే వాటి దగ్గర మాత్రం తెలుగును నమ్మకుండా విడిగా గుర్తుంచుకోవాలి.

రెండో వాక్యంలో "పంపాను" అనే ఒక్క మాట ఇంగ్లీషులో రెండుగా చీలుతుంది. ఎప్పుడు పంపారో చెబితే "ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే". ఎప్పుడన్నది ముఖ్యం కాకుండా ఇప్పుడు ఆ మెయిల్ ఎదుటివారి దగ్గర ఉందన్నదే ముఖ్యమైతే "ఐ హావ్ సెంట్ ఇట్". "హావ్" అనేది వర్తమానంలో కాలు మోపి వెనక్కి చూసే మాట. "నిన్న" అనే మాట గతంలో మేకు కొట్టినట్టు నిలబడుతుంది. ఆ రెండూ ఒక వాక్యంలో ఇమడవు. అమెరికావారు కొన్ని చోట్ల, బ్రిటిష్‌వారు "హావ్" పెట్టే దగ్గర, అది లేకుండానే "ఐ ఆల్‌రెడీ సెంట్ ఇట్" అంటారు కాబట్టి మీ అధికారి ఏ దేశంవారితో మాట్లాడి వచ్చారో కూడా గమనించుకోండి.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. తొమ్మిదేళ్ళ మనవరాలికి తెలుగు నేర్పుతున్నాను. "నానమ్మా, 'ద' అనే మాటకు తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. ఏమీ అనరని చెప్పాను. "మరి ఏ పుస్తకమో ఎలా తెలుస్తుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు.
— ఒక నానమ్మ

జవాబు: అమ్మా, మీ మనవరాలు అడిగినది ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నింటిలోకీ మంచిది.

"ద" అనే మాట ప్రాచీన ఇంగ్లీషులో "ఆ" అని వేలు పెట్టి చూపే మాట నుంచి వచ్చింది. "ఎ, యాన్" అనేవి "ఒకటి" అనే మాట అరిగి అరిగి మిగిలినవి. యాన్ అనేదే పాత రూపం, హల్లుకు ముందు దాని చివరి నకారం రాలిపోయి ఎ అయింది. కనుక "ఆ పుస్తకం, ఒక పుస్తకం" అంటే మీరు వాటి పుట్టింటికి వెళ్ళినట్టే. తేడా ఏమిటంటే, మనం అవసరమైతేనే వాటిని వాడతాము, ఇంగ్లీషువారికి అది తప్పనిసరి అయిపోయింది.

అయితే ఏ పుస్తకమో చెప్పడానికి తెలుగుకు మరో దారి కూడా ఉంది, మనకు తెలియకుండానే దాన్ని వాడుతుంటాము. మీ మనవరాలిని రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి వినమనండి. "పుస్తకం తెచ్చాను." "పుస్తకాన్ని తెచ్చాను." మొదటిదాంట్లో ఏదో ఒక పుస్తకం. రెండోదాంట్లో, మనిద్దరం అంతకుముందు అనుకున్న ఆ ఫలానా పుస్తకం. ప్రాణం లేని వస్తువుల పేర్లకు ద్వితీయా విభక్తి పెట్టవచ్చు, మానవచ్చు. ఈ వెసులుబాటును బాలవ్యాకరణంలో చిన్నయసూరి కూడా గుర్తించారు. పెట్టినప్పుడు చాలాసార్లు ఆ "ని" మన "ద" అవుతుంది. అన్ని వాక్యాలలోనూ ఇలా కుదురుతుందని నేను హామీ ఇవ్వలేను గాని, ఆ పిల్లకు చెప్పడానికి ఇంతకన్నా ముచ్చటైన జవాబు లేదు.

ప్రశ్న: అడ్జెక్టివ్ అంటే విశేషణం, అడ్వర్బ్ అంటే క్రియా విశేషణం. "గా" ఉంటే అడ్వర్బ్ అని చిన్నప్పుడు నేర్చుకున్నాను. "కాఫీ వేడిగా ఉంది" అనడానికి "హాట్లీ" అనకూడదా?
— ఒక విశ్రాంత గుమాస్తా, కర్నూలు

జవాబు: అనకూడదు. "గా" తరువాత వచ్చే క్రియ ఏదో చూడండి. "ఉండు" అనే క్రియ వస్తే ఆ "గా" వస్తువు గుణాన్ని చెబుతోంది, అప్పుడు ఇంగ్లీషులో అడ్జెక్టివ్ రావాలి. "ద కాఫీ ఈజ్ హాట్", "షి ఈజ్ బ్యూటిఫుల్". మరో క్రియ వస్తే పని జరిగిన తీరును చెబుతోంది, అప్పుడు అడ్వర్బ్ రావాలి. "ఆమె అందంగా పాడింది" అంటే "షి శాంగ్ బ్యూటిఫుల్లీ". కనిపించు, అనిపించు అనేవి "ఉండు" పక్షానే చేరతాయి, కాబట్టి "అందంగా కనిపిస్తోంది" అంటే "షి లుక్స్ బ్యూటిఫుల్".

ప్రశ్న: "ఇట్ ఈజ్ రెయినింగ్" అనే వాక్యంలో ఇట్ అంటే ఏది? మేఘమా, ఆకాశమా, దేవుడా? మా ఇంట్లో ముగ్గురం మూడు చెప్పుకున్నాము.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముగ్గురూ ఓడిపోయారు. ఆ "ఇట్" ఎవరూ కాదు.

మొదటి ప్రశ్నకు జవాబులో కుర్చీ అని ఒక మాట అన్నాను. ఇంగ్లీషు వాక్యంలో ఆ కుర్చీ ఖాళీగా ఉండడానికి వీల్లేదు. ఆజ్ఞాపించే వాక్యాలలో తప్ప దాదాపు ఎక్కడా సబ్జెక్టు లేకుండా వాక్యం నిలబడదు. వాన కురవడంలో పని చేసేవారెవరూ లేరు, "రెయిన్" అనే వానే క్రియగా మారిపోయింది, మరి కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి? అందుకని "ఇట్" అనే అర్థం లేని ఒక మాటను తెచ్చి పెట్టారు. పొలంలో దిష్టిబొమ్మను నిలబెట్టినట్టు. వ్యాకరణం రాసేవారు కూడా దీన్ని డమ్మీ సబ్జెక్టు అనే అంటారు. సమయం, దూరం, వాతావరణం గురించి చెప్పేటప్పుడు ఈ బొమ్మే వస్తుంది. "ఇట్ ఈజ్ టెన్ ఓ క్లాక్", "ఇట్ ఈజ్ ఫైవ్ కిలోమీటర్స్ టు ఖమ్మం", "ఇట్ ఈజ్ కోల్డ్".

మనకు ఆ అవసరం లేదు. "వాన పడుతోంది" అంటే పడేది వానే, క్రియ దాని మాటే వింటుంది. "పదైంది" అని ఒక్క మాటలో టైము చెప్పేస్తాము. అసలు క్రియే లేని వాక్యాలు కూడా మనకు కొల్లలు. "ఆయన మా మామయ్య", "ఈ ఊరు ఖమ్మం", "రేపు సెలవు". వీటిలో ఒక్కదాంట్లోనూ క్రియ లేదు, అయినా ఏదో లోపించిందని ఎవరికీ అనిపించదు. ఇంగ్లీషువారు సబ్జెక్టు కుర్చీ పక్కనే క్రియకు కూడా ఒక కుర్చీ వేసి ఉంచారు గనుక "హి ఈజ్ మై అంకుల్" అని "ఈజ్"ను కూర్చోబెట్టక తప్పదు. మన పిల్లలు "హి మై అంకుల్" అని రాసినప్పుడు వదిలేసింది ఈ రెండో కుర్చీనే. "రెయిన్ ఈజ్ కమింగ్" అన్నప్పుడు మాత్రం వాళ్ళు ఏ కుర్చీనీ వదలలేదు, ఖాళీ బొమ్మకు బదులు మన తెలుగు వాననే తెచ్చి కూర్చోబెట్టారు. అది వ్యాకరణ దోషం కాదు, ఆ దేశంలో వాన పడుతున్నప్పుడు అలా అనరు, అంతే.